ఆటలమీద చట్టసభలకు విచారణ ఎందుకు?

రెండు వారాల క్రితం ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి వాకిట్లో నిలబడి అందరినీ పలకరిస్తున్నాను. రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు నన్ను పక్కకు పిలిచారు. వారి అమ్మాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. ముందురోజు రాత్రి ఫోనులో ఆ అమ్మాయి చెప్పిన విషయం ఆయనకు నిద్రపట్టనివ్వలేదట. "ఫాదరుగారూ, అక్కడి పార్లమెంటువాళ్ళు కాలేజీ ఆటల మీద విచారణలు పెడతారట. పెద్ద పెద్ద సభ్యులు వరుసగా కూర్చుని బంతాట గురించి ప్రశ్నలు వేస్తారట. ఆ దేశంలో మాత్రం పేదలు లేరా? రోగులు లేరా? వీళ్ళకు వేరే పనిలేదా?" అన్నారు.

"నిజమే మాస్టారూ" అని నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి పడుకోబోయే ముందు అదే మాట మళ్ళీ మనసులో మెదిలింది. నేను తొందరపడి తల ఊపానేమో అనిపించింది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పిన మా పెద్ద ఫాదరుగారు, "తేలికగా నవ్వు తెప్పించే ప్రశ్నను రెండుసార్లు చూడండి" అనేవారు. కనుక మాస్టారుగారికి ఇవ్వవలసిన జవాబును ఈ వారం మీ అందరి ముందు ఉంచుతున్నాను.

ఎక్కడో అమెరికాలోని సంగతి మనకెందుకు అని మీరడగవచ్చు. మన విచారణలలో ఎన్నో ఇళ్ళనుండి పిల్లలు అక్కడికి చదువుకు వెళ్ళారు. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులు ఈ పత్రిక చదివేవారిలో ఉన్నారు. అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలలో ప్రతి విద్యార్థి కట్టే ఫీజులో ఆటల విభాగానికి కొంత పోతుంది. మైదానం ముఖం చూడని మన అమ్మాయి కూడా ఆ ఆటకు చందా ఇస్తున్నట్లే. అదీగాక, ప్రజలెన్నుకున్న మనిషి తన సమయాన్ని దేనికి ఖర్చుపెట్టాలి అనేది ప్రజాస్వామ్యమున్న ప్రతిచోటా వచ్చే ప్రశ్న.

ముందుగా అక్కడి కాలేజీ ఆట ఎట్లా ఉంటుందో తెలియాలి. మనకు కాలేజీ ఆటలంటే వార్షికోత్సవానికి ముందు జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలు. గెలిచినవారికి ఒక కప్పు, ఒక సర్టిఫికెట్టు. అక్కడ అట్లా కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షా ఏడువేల మందికి పైగా కూర్చునే వీలుంది. వారి ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకుని పరుగెత్తుతుంటే ఎదుటివారు మీదపడి పడగొట్టే ఆట అది. ఈ ఆటలను నడిపే సంఘాన్ని జాతీయ కళాశాలల క్రీడాసంఘం అంటారు. అక్కడివారు క్లుప్తంగా ఎన్‌సీఏఏ అని పిలుస్తారు. పురుషుల బాస్కెట్‌బాల్ పోటీలను టీవీలో చూపే హక్కుకు 2010లో కుదిరిన ఒక్క ఒప్పందం విలువ 14 ఏళ్ళకు 1,080 కోట్ల డాలర్లు. చాలా రాష్ట్రాలలో ప్రభుత్వ జీతగాళ్ళందరిలోకీ ఎక్కువ జీతం అందుకునేది గవర్నరుగారు కాదు, విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షణనిచ్చే కోచ్.

ఇంత ధనం ఎవరి చెమటమీద వస్తోంది? పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లల చెమటమీద. 2021 జూలై దాకా వారు తమ పేరు మీదగాని, ఫోటో మీదగాని ఒక్క డాలరు సంపాదించుకోవడానికి వీలులేదు. వారికి ఇచ్చేది చదువు, బస, భోజనం. "మేము నీకు డిగ్రీ ఇస్తాము, నువ్వు మాకు ఆట ఇవ్వు" అనేది ఒప్పందం. అసలు ప్రశ్న ఈ ఒప్పందంలోనే ఉందని తరువాత చూస్తాము.

ఇప్పుడు మాస్టారుగారి వాదం న్యాయంగా విందాము. ఆయన మాటలో బలముంది. 2009 మే నెలలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక ఉపసంఘం, కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ విజేతను నిర్ణయించే పద్ధతి మీద విచారణ జరిపింది. అప్పట్లో ఓట్లు, కంప్యూటరు లెక్కలు కలిపి రెండు జట్లను ఎంపికచేసి ఆఖరి ఆట ఆడించేవారు. టెక్సస్ సభ్యుడు జో బార్టన్ ఆ పద్ధతిని కమ్యూనిజంతో పోల్చారు. యూటా విశ్వవిద్యాలయపు జట్టు 2008 సీజనులో ఒక్క ఆట కూడా ఓడకపోయినా ఆఖరి ఆటకు ఎంపిక కాలేదు. ఆ రాష్ట్రపు సెనేటరు ఓరిన్ హాచ్ 2009 జూలైలో సెనేటులోనూ విచారణ పెట్టించారు. ఆ డిసెంబరులో, ప్లేఆఫ్ పోటీలు లేకుండా జరిగే ఆటను జాతీయ చాంపియన్‌షిప్ అని పిలవరాదనే బిల్లును ఉపసంఘం ఆమోదించింది కూడా. ఆ ఏడాది ఆ దేశం ఎట్లా ఉందో గుర్తుచేసుకోండి. బ్యాంకులు కూలాయి, ఉద్యోగాలు పోయాయి, ఇళ్ళు వేలానికి వచ్చాయి, ఆరోగ్య బీమా మీద సభలో పెద్ద యుద్ధం నడుస్తోంది.

ఆ బిల్లు చట్టం కాలేదు. తరువాత ఏమైంది? 2014 సీజను నుండి నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. కాంగ్రెసు చట్టం చేయకుండానే ఆ ఆటలను నడిపేవారు తమలో తాము మాట్లాడుకుని దానిని తెచ్చుకున్నారు.

ఈ చోట మన శ్రీసభ సాంఘిక బోధ ఒక మంచి కొలబద్ద ఇస్తుంది. 1931లో 11వ పయస్ పోపుగారు తమ విశ్వలేఖలో వివరించిన సూత్రమిది: చిన్న సంఘం తానుగా చేసుకోగల పనిని పెద్ద సంఘం లాక్కోరాదు. కుటుంబం చేయగలదాన్ని ఊరు చేయనక్కరలేదు. ఊరు చేయగలదాన్ని రాజధాని చేయనక్కరలేదు. పునీత అక్వినాసు తోమాసుగారు కూడా మానవ చట్టం ప్రతి చెడుగునూ నిషేధించబోదని, ఇతరులకు హానిచేసి సంఘజీవనాన్నే దెబ్బతీసే చెడులను ముఖ్యంగా అరికట్టాలని బోధించారు. ఏ జట్టు గొప్పది అనే వాదులాట వల్ల సంఘజీవనం దెబ్బతినదు. అది టీకొట్టు దగ్గర తేల్చుకోవలసిన విషయం. ఆ విచారణ విషయంలో మాస్టారుగారే గెలిచారు.

అయితే ఆట పేరు వినబడిన ప్రతి విచారణా అట్టిదేనా? దీనికి ఇరవై ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి.

1989లో సెనేటు ఉపసంఘం ఎదుట డెక్స్టర్ మాన్లీ అనే ఫుట్‌బాల్ ఆటగాడు సాక్ష్యమివ్వడానికి కూర్చున్నాడు. వాషింగ్టన్ జట్టులో పేరుమోసిన ఆటగాడు; ఆ ఆటలో అత్యున్నతమైన సూపర్ బౌల్‌ను రెండుసార్లు గెలిచిన జట్టు మనిషి. ఎదుటివారు చూసి బెదిరిపోయే శరీరం. అట్టివాడు అందరి ముందు ఒప్పుకున్న సంగతి ఏమిటంటే, తనకు చదవడం రాదని! ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు ఆడాడు. చిన్న బడి నుండి విశ్వవిద్యాలయం వరకు తరగతి తరువాత తరగతి దాటించారు. చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. పెద్దవాడై, డబ్బూ పేరూ వచ్చిన తరువాత సాయంత్రపు తరగతులకు వెళ్ళి అక్షరాలు కూడబలుక్కున్నాడు. ఈ సంగతి చెబుతూ ఆయన ఏడ్చేశాడు.

ప్రియ పాఠకులారా, ఇది ఆట గురించిన విచారణేనా? ఒక బిడ్డను పెద్దలంతా కలిసి వాడుకున్న సంగతి గురించిన విచారణ ఇది. "నీకు చదువు ఇస్తాము" అన్నారు. వాడు తన వంతు ఇచ్చాడు, వారు తమ వంతు ఇవ్వలేదు. మనిషిని కేవలం పనిముట్టుగా వాడరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ రెండు వందల ఏళ్ళకు ముందే నేర్పాడు. మన విశ్వాసం దానికి కారణం కూడా చెబుతుంది: ప్రతి మనిషీ దేవుని పోలికలో సృష్టించబడినవాడు గనుక.

ఆ రోజుల్లోనే సెనేటరు బిల్ బ్రాడ్లీ వంటివారు ఒక చట్టానికి పూనుకున్నారు. ఆయన స్వయంగా ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ ఆటగాడు, 1964 ఒలింపిక్ స్వర్ణపతక విజేత. 1990 నవంబరులో ఆ చట్టం ఆమోదం పొందింది. అందులో ఉన్నదేమిటి? కాలేజీలు ఎట్లా ఆడాలో అది చెప్పలేదు. ప్రభుత్వ విద్యార్థి సహాయం పొందే ప్రతి కాలేజీ తన విద్యార్థులలో ఎందరు చదువు పూర్తిచేశారో లెక్క బయటపెట్టాలి. క్రీడాకారుల లెక్క విడిగా, ఆటల వారీగా చూపాలి. అంతే. ఇంటికి వచ్చి "మీ అబ్బాయిని మాకు పంపండి" అని తీయగా మాట్లాడే కోచ్‌ను, "మీ దగ్గర ఆడినవారిలో ఎందరికి డిగ్రీ వచ్చింది?" అని తల్లి అడగడానికి ఆ చట్టం ఒక కాగితాన్ని చేతికిచ్చింది. ఆ కాగితం కోసం సభ వెచ్చించిన గంటలను నేను వృథా అనలేను.

అదే కాలంలో లోపలినుండి కూడా ప్రయత్నం జరిగింది. 1989లో ఏర్పడిన నైట్ కమిషన్‌కు ఇద్దరు అధ్యక్షులు. వారిలో ఒకరు మన గురువే: హోలీక్రాస్ సభకు చెందిన థియోడర్ హెస్‌బర్గ్‌గారు, నోటర్‌డామ్ కథోలిక విశ్వవిద్యాలయాన్ని 35 ఏళ్ళు నడిపినవారు. ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ విశ్వవిద్యాలయమది. 1991లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదిక సారాంశం: పగ్గాలు కోచ్‌ల చేతిలోగాని దాతల చేతిలోగాని ఉండరాదు, విశ్వవిద్యాలయాధ్యక్షుల చేతిలో ఉండాలి, చదువులోనూ డబ్బులోనూ నిజాయితీ ఉండాలి, బయటివారు వచ్చి తనిఖీ చేయాలి. ఇంటిని ఇంటివారే చక్కదిద్దుకోవాలనే మాట ఇది. మంచిమాట.

కాని ఇంటివారు చక్కదిద్దుకోకపోతే?

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1993 నుండి 2011 వరకు పేరుకు మాత్రమే ఉన్న తరగతులు నడిచాయని 2014లో ఒక స్వతంత్ర దర్యాప్తు తేల్చింది. ఆ తరగతులలో పాఠం చెప్పేవారు లేరు. ఒక కాగితం రాసి ఇస్తే ఆఫీసు ఉద్యోగిని మార్కులు వేసేది. 3,100 మందికి పైగా విద్యార్థులు వాటిలో చేరారు. వారిలో దాదాపు సగం మంది క్రీడాకారులు. క్రీడాసంఘం ఏం చేసింది? ఆ తరగతులు ఇతర విద్యార్థులకు కూడా తెరిచి ఉన్నాయి గనుక తమ నియమాలను ఉల్లంఘించినట్లు తేల్చలేమని 2017లో చేతులు దులుపుకుంది. అంటే మోసం అందరికీ సమానంగా పంచితే అది తప్పు కాదన్నట్లు!

ఇంతకంటే బరువైన సంగతి మరొకటి రాయాలి. లారీ నాసర్ అనే వైద్యుడు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, జాతీయ జిమ్నాస్టిక్స్ జట్టుకు కూడా వైద్యం చేసేవాడు. చికిత్స పేరుతో ఆడపిల్లలమీద ఏళ్ళతరబడి అత్యాచారం చేశాడు. 2014లో ఒక ఫిర్యాదుమీద విశ్వవిద్యాలయమే విచారించి అతనిని నిర్దోషిగా వదిలింది. 2015 జూలైలో సంగతి కేంద్ర నేరపరిశోధక సంస్థ ఎఫ్‌బీఐకి చేరింది, అక్కడా నిర్లక్ష్యం. 2016 సెప్టెంబరులో ఒక దినపత్రిక బయటపెట్టేదాకా అతడు ఇంకా పిల్లలకు వైద్యం చేస్తూనే ఉన్నాడు. 2018లో శిక్ష ఖరారుచేసే విచారణలో 150 మందికి పైగా బాధితులు న్యాయస్థానంలో తమ గోడు చెప్పుకున్నారు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయం 50 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఎఫ్‌బీఐ ఎట్లా విఫలమైందో 2021 సెప్టెంబరు 15న సెనేటు న్యాయసంఘం విచారించింది. ఒలింపిక్ విజేత సిమోన్ బైల్స్, మరి ముగ్గురు జిమ్నాస్టులు సాక్ష్యమిచ్చారు. వారిలో ఒకరైన మ్యాగీ నికల్స్ ఓక్లహోమా విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారు.

ఆ పిల్లల మాటను అంతకుముందు ఎవరు వినగలిగేవారు? కోచ్ వినాలి; కాని జట్టు పేరు పోతుందని భయం. విశ్వవిద్యాలయం వినాలి, కాని తన డాక్టరు, తన పరువు. పోలీసు వినాలి, వినలేదు. దగ్గరివారందరూ చెవులు మూసుకున్న తరువాత మిగిలేది దూరంగా ఉన్న పెద్దసభే. ఆ రోజున "సభకు వేరే పనిలేదా?" అని అడగడానికి నాకు నోరు రాదు.

ఒక గురువుగా ఇది రాస్తున్నప్పుడు నా తల వంగుతోంది. మన శ్రీసభలో కూడా కొన్ని దేశాలలో ఇదే జరిగింది. పిల్లల మాట నమ్మలేదు. పేరు కాపాడుకోవడమే ముఖ్యమనుకున్నారు. తప్పుచేసినవానిని ఒకచోటనుండి మరొకచోటికి మార్చారు. బయటి న్యాయస్థానాలు, పత్రికలు, ప్రభుత్వ విచారణ సంఘాలు తలుపు తట్టిన తరువాతనే చాలా నిజాలు బయటికి వచ్చాయి. ఇట్టి ఫిర్యాదును గురువులు, మఠవాసులు తప్పనిసరిగా పైవారికి తెలియజేయాలని ఫ్రాన్సిస్ పోపుగారు 2019లో శాసనం చేశారు. చిన్న సంఘానికి స్వేచ్ఛ ఉండాలని బోధించే మనమే, ఆ స్వేచ్ఛ చాటున ఏమి దాగగలదో బాధతో నేర్చుకున్నాము. 11వ పయస్‌గారి సూత్రానికి రెండవ సగం ఉంది: చిన్న సంఘం తన పని చేయలేనప్పుడు పెద్ద సంఘం దానికి సాయపడాలి. మొదటి సగాన్ని పట్టుకుని రెండవ సగాన్ని మరిచేవారు సాధారణంగా తలుపు లోపల ఉన్నవారే.

మన తెలుగు కథోలికులకు "విచారణ" అనే మాట కొత్తగా నేర్పనక్కరలేదు. గురువు కనిపెట్టుకుని చూడవలసిన ఊళ్ళను, కుటుంబాలను మనం విచారణ అంటాము. న్యాయస్థానంలో జరిగేదీ విచారణే. ఇంటికి వచ్చినవారిని "బాగున్నారా?" అని విచారిస్తాము. ఒకే మాట అన్నిటికీ సరిపోవడం ఊరకే జరిగింది కాదనుకుంటాను. ఎవరి బాగోగులూ పట్టనివాడు జరిపే విచారణ వట్టి తతంగం. బాగోగులు చూడవలసినవాడు ప్రశ్నలు అడగడం మానేస్తే అదీ ద్రోహమే.

అయితే చట్టసభ్యుడు తలదూర్చిన ప్రతిచోటా చట్టమే చేయాలా? అక్కరలేదు. 1905లో ఆ ఫుట్‌బాల్ ఆటలో దెబ్బలు తగిలి ఒక్క ఏడాదిలో సుమారు 18 మంది కుర్రాళ్ళు చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కకట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను తన భవనానికి పిలిపించి ఆటను బాగుచేసుకోండని చెప్పారు. శాసనం చేయలేదు. ఆ ఏడాది చివరలో 60కి పైగా కళాశాలలు సమావేశమై, నియమాలు మార్చుకుని, ఒక సంఘంగా ఏర్పడ్డాయి. 1910లో ఆ సంఘం పేరే ఎన్‌సీఏఏగా మారింది. పైవాడు పిలిచి అడిగాడు. కిందివారు లేచి పనిచేశారు. ఒక్కొక్కప్పుడు అడగడమే చాలు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2018లో ఎండలో జరిగిన కసరత్తులో వడదెబ్బ తగిలి 19 ఏళ్ళ ఫుట్‌బాల్ విద్యార్థి మరణించాడు. చల్లటి నీళ్ళతొట్టిలో దింపి ఉంటే బతికేవాడేమో. ఆ పని వెంటనే జరగలేదు. విశ్వవిద్యాలయం తన బాధ్యతను ఒప్పుకుంది. 2021లో ఆ రాష్ట్ర శాసనసభ అతని పేరుతో చట్టం చేసి, వడదెబ్బ వంటి ప్రమాదాలకు విశ్వవిద్యాలయాలు ముందుగానే నియమాలు పెట్టుకోవాలని ఆదేశించింది. ఇక్కడ కేంద్రం రానక్కరలేకపోయింది; రాష్ట్రమే చూసుకుంది.

ఇప్పటి వివాదం డబ్బు గురించి. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా క్రీడాసంఘానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. తరువాత విద్యార్థులు తమ పేరుమీద సంపాదించుకోవడం మొదలైంది. 2025 జూన్‌లో ఒక న్యాయాధిపతి ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఆ పద్ధతిలో చేరిన విశ్వవిద్యాలయం మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు తన క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. గతంలో ఆడినవారికి 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఆ జూలైలో ప్రతినిధుల సభలో స్కోర్ చట్టం అనే బిల్లు ప్రవేశపెట్టారు. క్రీడాసంఘానికి వ్యాజ్యాలనుండి కొంత రక్షణ ఇవ్వడం, విద్యార్థులను ఉద్యోగులుగా లెక్కించకుండా చేయడం అందులోని ముఖ్యాంశాలు. డబ్బంతా ఫుట్‌బాల్‌కే పోతే ఈత, పరుగు, ఆడపిల్లల ఆటలు మూతబడతాయేమోనని ఒకవైపు ఆందోళన. అమెరికాలో కాలేజీ ఆడపిల్లలకు మైదానం తలుపులు విశాలంగా తెరుచుకున్నది కూడా 1972లో కాంగ్రెసు చేసిన చట్టం వల్లనే. అంతకుముందు సుమారు 30 వేలుగా ఉన్న కాలేజీ క్రీడాకారిణుల సంఖ్య తరువాతి కాలంలో రెండు లక్షలు దాటింది.

ఈ బిల్లు మంచిదా కాదా అని నేను తీర్పు చెప్పను. ఒక్క సంగతి మాత్రం చూడమంటాను. అట్టి విచారణలో సాక్షుల బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? రక్షణ కావాలని అడిగే సంఘాధ్యక్షులేనా? మోకాలు విరిగి, ఆట పోయి, చదువూ మధ్యలో ఆగిన కుర్రవాడు కూడా ఉన్నాడా? బలవంతుడు చట్టసభకు రావడానికి వకీళ్ళున్నారు. బలహీనునికి, ఎవరో పిలిస్తే తప్ప దారి తెలియదు.

కనుక మాస్టారూ, చట్టసభవారు ఆటల జోలికి వచ్చినప్పుడు మనం మూడు ప్రశ్నలు వేసుకుందాము.

మొదటిది: హాని జరిగింది ఎవరికి? జట్టు గెలవలేదని బాధపడిన అభిమానికా? మోసపోయిన, గాయపడిన బిడ్డకా?

రెండవది: దగ్గరివారు దీన్ని సరిచేయగలరా? వారికి అవకాశం ఇచ్చామా? ఇచ్చినా ముఖం తిప్పుకున్నారా?

మూడవది: ఇది చట్టసభకు మాత్రమే చేతనైన పనా? దాచినవారిని పిలిపించి ప్రమాణం మీద మాట్లాడించడం, అందరికీ వర్తించే నియమం చేయడం దాని చేతిలోని పనులు. కెమెరాల ముందు నాలుగు మాటలు మాట్లాడి లేచిపోయేటట్లయితే ఆ సమయం పేదవాని జేబునుండి తీసిందే.

సమయం వృథా అవుతుందనే మాటను నేను కొట్టిపారేయను. సభ్యుని గంట ప్రజల సొమ్ము. బంతాట మీద పెట్టిన గంట, ఆసుపత్రి మీద పెట్టని గంట కావచ్చు. అందుకే మొదటి ప్రశ్న ముఖ్యం. మాన్లీ చదువు మీద పెట్టిన గంట బడి మీద పెట్టిన గంటే. ఆ జిమ్నాస్టుల మాట విన్న గంట ఆడపిల్లల రక్షణ మీద పెట్టిన గంటే. పైన ఆట అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఆట అనుకోరాదు.

చివరగా ఒక మాట మన ఇళ్ళకు. చట్టసభ ఆలస్యంగా వచ్చే వైద్యుడు. అది వచ్చేసరికి గాయం పాతబడి ఉంటుంది. మాన్లీకి చదవడం రాదని రెండవ తరగతి పంతులుకు తెలిసి ఉండాలి. ఆ ఆడపిల్లల ముఖాలలో మార్పును ఎవరో ఒకరు చూసి ఉండాలి. మీ పిల్లలు దూరదేశంలో ఉన్నా, పక్క ఊరి హాస్టల్లో ఉన్నా, ఫోనులో ముందుగా మార్కులు, గెలుపులు అడగకండి. "ఎట్లా ఉన్నావమ్మా? నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారా?" అని అడగండి. చెప్పినప్పుడు నమ్మండి. ఇంట్లో ఆ విచారణ జరిగితే, రాజధానిలో జరగవలసిన విచారణలు కొన్నయినా తగ్గుతాయి.

మాస్టారుగారూ, ఆ రోజు మీకు నేనిచ్చిన జవాబును వెనక్కు తీసుకుంటున్నాను. ఈ ఆదివారం పూజ తరువాత కలుద్దాము. మీ అమ్మాయి మళ్ళీ ఫోను చేసినప్పుడు, ఆ విచారణలో సాక్ష్యం చెప్పింది ఎవరో అడిగి చెప్పండి. దానిని బట్టి మాట్లాడుకుందాము.